మూడో కోలన్ తర్వాత

నలభై మూడో ఏట మొదలుపెట్టాను.
అంతకుముందు పద్దెనిమిదేళ్ళు
క్లైపేడా రేవులో గోధుమ సంచుల మూతులు కుట్టాను.
ఆ పని యంత్రాలకి పోయాక
నన్ను తూనికల షెడ్డులో పడేశారు,
బ్రోన్యుస్ చేతి కింద.

తూకాల మనిషి కదా, మాట కూడా తూచే వదుల్తాడు.
"సీ వచ్చేసింది నీకు. ఇక అడుక్కి దిగు, స్కిర్మాంతే"
అని ఒక పాత మాన్యువల్ నా బల్ల మీద పెట్టి
పొగబెట్టిన చేప తినడానికి వెళ్ళిపోయాడు.
అట్ట మీద ఆయన వేళ్ళ నూనె మరకలు.

నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి:
సీ నేసిన గుడ్డ.
దాన్ని ఒకచోట కత్తిరించి
ప్రాసెసర్‌తో దాని సొంత యాసలో ఒక్క మాటాడి
కుట్టు కనబడకుండా మాసిక వేయాలి.

మొదటి వారమంతా చీవాట్లే.
రిజిస్టరు పేరుకి ఒక శాతం గుర్తు చాలదట,
చెవులకి జూకాల్లా రెండుండాలట.
ఇచ్చేవాడు ముందు, పుచ్చుకునేవాడు వెనక.
ఇంకో పుస్తకం తెరిస్తే అదీ తలకిందులు.
మొదటి కోలన్ తర్వాత బయటికొచ్చేవి,
రెండో కోలన్ తర్వాత లోపలికెళ్ళేవి.
మూడోదాని తర్వాత ఏముంటుందో
చదివాను. చదివానంతే.

నాక్కావాల్సింది ఒకే ఒక్క ఆజ్ఞ.
మెలకువ వచ్చినప్పట్నించి ఎన్ని టిక్కులు కొట్టావని
యంత్రాన్ని అడిగే ఆజ్ఞ.
త్రాసు చదవడానికి ఎంతసేపు పడుతోందో కొలవాలి మరి.
అది జవాబుని రెండు దోసిళ్ళలో పోస్తుంది,
కింది సగం ఈఏఎక్స్‌లో, పై సగం ఈడీఎక్స్‌లో.
నాకు కింది సగం చాలు.
రెండో దోసిలి వైపు నేను చూడనే లేదు.

పనిచేసింది!
రై రొట్టె మీద వెన్న మందంగా రాసుకున్నాను ఆ పూట.

మర్నాడు ఆప్టిమైజేషన్ పెంచాను.
మధ్యాహ్నం, ఖాళీ త్రాసు,
వెయ్యి కిలోలకి మించి మోయలేని త్రాసు,
తెర మీద
పన్నెండు వేల ఐదువందల ఎనభై ఏడు.

పళ్ళెం తుడిచాను. బోల్టులు బిగించాను.
కాస్త ఆగితే ఎనభై ఎనిమిది.
ఇంకాస్త ఆగితే తొమ్మిది.
ఏమీ లేనిదాని మీద ఏదో పేరుకుంటోంది,
సెకనున్నరకొక కిలో చొప్పున,
తొందర లేకుండా, ఆపకుండా.
భయమేసింది. నిజంగానే.
మంచులో ఫెర్రీ కూత వినబడితే ఉలిక్కిపడ్డాను.

కరెంటు తీసి పెట్టాను.
ఇరవై ఆరు నించి మొదలైంది.

అప్పుడు తట్టింది.
అది బరువు కాదు. వయసు.
పొద్దున ఏడింటికి నేను స్విచ్ వేసిన దగ్గర్నించి
యంత్రం బతికిన కాలం,
నేను చూడని ఆ రెండో దోసిలి నిండా.
కంపైలర్ పాపం నన్ను నమ్మి
అసలు తూకాన్ని ఈడీఎక్స్‌లో దాచుకుంది.
నేను చెప్పాపెట్టకుండా
దాని మీద గడియారం కుమ్మరించాను.

బ్రోన్యుస్ వచ్చి చూశాడు.
ఏమీ అనలేదు.
గోడ మీది పనిముట్ల పలక వైపు గడ్డం ఊపాడు.
ఎవరు ఏది తీసుకెళ్ళినా
ఆ మేకుకి తమ పేరున్న ఇత్తడి బిళ్ళ తగిలించాలి.
నట్టు తిప్పే స్పానర్ మేకు బోసిగా ఉంది.
స్పానర్ నా జేబులో ఉంది.

మూడో కోలన్ పెట్టాను.
దాని తర్వాత, కొటేషన్ల మధ్య,
నేను పాడుచేసినదాని పేరు రాశాను.
మూడే అక్షరాలు. వేళ్ళు కొంచెం తడబడ్డాయి.

సున్నా.
టీ తాగాక కూడా సున్నా.
తలుపు బార్లా తీశాను, ఎండ కాదుగానీ వెలుతురు వచ్చింది.
దాంతోపాటే ఒక సీగల్,
గింజల కోసం కాబోలు, నేరుగా పళ్ళెం మీద వాలింది.

తెర చూశాను.
ఒకటి.